కిలో గ్రీన్ హైడ్రోజన్‌కు ఎన్ని నీళ్లు?

మనం పొలంలో చల్లే యూరియా తయారీకి హైడ్రోజన్ అనే వాయువు కావాలి. దాన్ని ఎక్కువగా సహజ వాయువు నుంచి తీస్తున్నారు. అందువల్ల భూమి వేడెక్కుతోంది.

నీటిలో కూడా హైడ్రోజన్ ఉంది. ఎండతో, గాలితో తయారైన కరెంటును నీటిలోకి పంపితే హైడ్రోజన్ విడిపోతుంది. దీన్నే గ్రీన్ హైడ్రోజన్ అంటారు. పొగ రాదు. కానీ నీళ్లు కావాలి.

కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల శుభ్రమైన నీరు కావాలి. నీటిని శుద్ధి చేయడానికి, యంత్రాలను చల్లబరచడానికి ఇంకా కావాలి.

అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఇలాంటి కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నులు తీయాలని లక్ష్యం. లెక్క కట్టండి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే రోజుకు 9 లక్షల బిందెలు!

పూడిమడక సముద్రం ఒడ్డున ఉంది. సముద్రపు నీటిలో ఉప్పు తీసి వాడుకోవచ్చు. అయితే మిగిలిన చిక్కటి ఉప్పునీటిని సరిగా వదలకపోతే చేపలకు హాని. బోరు నీళ్లు, చెరువు నీళ్లు తోడితే మన బిందెలకు కరువు.

మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీ పెడతామంటే గ్రామసభలో అడగండి:

నీళ్లు ఎక్కడివి?
రోజుకు ఎన్ని?
మిగిలిన ఉప్పునీరు ఎక్కడ వదులుతారు?