పిండికోడి చెప్పు పాఠము

కల్పితమని యెరిగియు కథ విని మనమేల కంటతడి పెట్టుదుము? దీనికి యశోధర చరిత్రముననే సమాధానము కలదు.

పావగడ తాలూకాలోని నిడుగల్లున పార్శ్వనాథ బసది వెలసిన 13వ శతాబ్దిలోనే, 1209లో, జన్న మహాకవి ఈ కథను కన్నడమున కావ్యముగా రచించెను. యశోధర మహారాజు ప్రాణిని చంపనొల్లక, తల్లి మాట కాదనలేక, పిండితో చేసిన కోడిని దేవికి బలి యిచ్చెను. కోడి పిండిదే, చంపుదునన్న సంకల్పము మాత్రము నిజము. అందుచే తల్లికొడుకు లిద్దరును పెక్కు జన్మలు దుఃఖపడిరి. కథయు నట్టిదే. పాత్రలు కల్పితములైనను వినువాని మనస్సున కలుగు భయము, కరుణ నిజములే.

2000లో మెలనీ గ్రీన్, తిమోతి బ్రాక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. కథలో ఎక్కువగా లీనమైన పాఠకుల అభిప్రాయములు కథకు అనుగుణముగా నుండెను. వారికి అందలి లోపములు తక్కువగా కనబడెను. కల్పితమని ముందే చెప్పినను లీనత తగ్గలేదు.

ఆ తల్లికొడుకులే తుదకు అన్నాచెల్లెండ్రుగా పుట్టిరి. తమ్ము బలి యీయనున్న మారిదత్త రాజునకు అన్న అభయరుచి ఈ కథయే చెప్పెను. రాజు విని హింస మానెను. కథకు గల శక్తి యట్టిది. అయితే ఆ దారినే అసత్యమును మనస్సున చొరవచ్చును.

కనుక పిల్లలకు కథ చెప్పునపుడు నడుమ నీతి చెప్పి ఆపవలదు, మనసార విననిండు. ముగిసిన పిమ్మట, "యశోధరుని స్థానమున నీవున్న నేమి చేసెదవు?" అని అడుగుడు. సరకు ఎంత మెచ్చినను, తూచక కొనము గదా!