నీలిపంట యేల పోయెను?

కడప, నెల్లూరు మండలములలో మన పెద్దలు నీలిచెట్టు సాగుచేసి, కోసిన మండలను తొట్లలో నానవేసి, ఆ నీటిని బాగుగా చిలికి, అడుగున దిగిన మడ్డిని బిళ్లలుగా నెండించి యమ్ముచుండిరి. అంతటి పంట యేల పోయెను?

1856లో పదునెనిమిదేండ్ల పెర్కిను లండనులో రాతిబొగ్గు తారుసరకునుండి క్వినైను చేయఁబోయి ఊదారంగును కనుగొనెను. వెదకిన దొకటి, దొరకిన దొకటి! 1880లో జర్మను శాస్త్రజ్ఞుఁడు బేయరు చెట్టు లేకయే నీలిని కల్పించెను గాని, ఆ విధము మిక్కిలి ఖరీదయ్యెను. తుదకు తారులో దొరకు నాఫ్తలీనుతో (బట్టలపెట్టెలో వేయు ఉండలు దీనివే) చేసిన జర్మను నీలి 1897లో అంగడి కెక్కెను.

ధర యొక్కటే కారణము గాదు. మన బిళ్లలలో నొకదానియందు రంగు హెచ్చు, వేఱొకదానియందు తక్కువ. కొన్నిట మన్నును కలిసియుండెను. యంత్రశాల నీలి యెప్పుడును ఒక్క తీరుగా నుండుటచే అద్దకమువారు దానినే కోరిరి.