తోటివాని కన్ను

పాపికొండల నడుమ గోదావరి ఇరుకవుతుంది. రాజమహేంద్రవరం వద్ద సముద్రాన్ని తలపించేటంత వెడల్పుగా కనిపించే నది ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగి, తన వెడల్పునంతా లోతుగా మార్చుకుంటుంది. వరదకాలంలో ఈ ప్రాంతంలో సుడులు ఏర్పడతాయి. పడవ నడిపేవారికి ఈ సంగతి తరతరాలుగా తెలుసు.

2019 సెప్టెంబరు 15వ తేదీన నాటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగిపోయింది. ఆ సమయంలో అందులో 77 మంది ఉన్నారు. నది వరదలో ఉంది. సమీపంలోని గిరిజన గ్రామాల వారు తమ పడవలతో వెళ్లి అందినవారిని అందినట్లు ఒడ్డుకు చేర్చారు. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మిగిలినవారిలో కొందరి దేహాలు ప్రవాహంలో లభించాయి. మరికొందరు పడవతోపాటు నది అడుగునే ఉండిపోయారు. తమవారి కడసారి చూపు కోసం కుటుంబాలు రోజుల తరబడి గట్టున నిరీక్షించాయి. జాతీయ, రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన దళాలు, నౌకాదళానికి చెందిన గజ ఈతగాళ్లు గాలింపు చేపట్టినా, ఆ లోతులో, ఆ వడిలో పడవను వెలికితీయడం సాధ్యపడలేదు.

ఆ బాధ్యత కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అప్పగించబడింది. మునిగిన పడవలను, నౌకలను పైకి తీయడంలో అనుభవం గడించిన బృందమది. ఇనుప తాళ్లకు లంగర్లు కట్టి, వాటిని నది అడుగున ఉచ్చువలె పరిచి, పడవ చిక్కగానే ఒడ్డు నుండి యంత్రంతో లాగడం వారి పద్ధతి. ఒకసారి తాడు తెగింది. ఒకసారి లంగరు పట్టు తప్పింది. వరద పెరగడంతో పనిని కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. అక్టోబరు మధ్యలో తిరిగి ప్రారంభించినప్పుడు పడవ కదిలిందిగాని, లంగరుకు చిక్కిన భాగం మాత్రమే ఊడి వచ్చింది. పై నుండి విసిరిన లంగరుకు పడవలో ఏ భాగం గట్టిదో, ఏది పెళుసుదో తెలియదు గదా! అప్పుడు విశాఖపట్నం నుండి డైవర్లను రప్పించారు. వారు శ్వాస పరికరాలు ధరించి నీటిలోకి దిగి, పడవకు తాడు బిగించారు. ప్రమాదం జరిగిన 38వ రోజున, అక్టోబరు 22న, పడవ ఒడ్డుకు చేరింది. అందులో చిక్కుకుపోయిన మృతదేహాలు కూడా లభించాయి.

ఒడ్డున ఉన్నవారి నైపుణ్యం తక్కువదని దీని అర్థం కాదు. యంత్రాన్ని నడిపినవారు లేకుంటే డైవర్లు బిగించిన తాడు బిగించినట్లే ఉండేది. ఎవరి పని ఎక్కడ ముగుస్తుందో, ఎదుటివాని పని ఎక్కడ మొదలవుతుందో గుర్తించడంలోనే ఆ రోజు విజయం ఉన్నది. డైవర్ల వృత్తిలో ఈ గుర్తింపు నీటిలోకి దిగకముందే, ఒడ్డున పరికరాలు తొడుక్కునే వేళనే ఆరంభమవుతుంది.

డైవరు వీపున మోసే సిలిండరును వార్తాపత్రికలు తరచుగా ఆక్సిజన్ సిలిండర్ అని రాస్తాయి. ఇది సరికాదు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలియే; దానిని అధిక పీడనంతో కుదించి నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజనును సుమారు 6 మీటర్ల లోతుకు మించి పీలిస్తే అదే విషతుల్యమై మూర్ఛ తెప్పించగలదు. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో నింపిన గాలి, బయటి వాతావరణంలో దాదాపు 2,400 లీటర్ల గాలికి సమానం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 20 మీటర్ల లోతున డైవరు పీల్చే ప్రతి ఊపిరికి ఉపరితలం మీదికన్న మూడు రెట్ల గాలి ఖర్చవుతుంది. అంత పీడనంలో ఉన్న గాలిని ఊపిరితిత్తులకు తగినట్లు తగ్గించి, కోరినప్పుడు మాత్రమే అందించే సాధనం రెగ్యులేటరు.

ఈ రెగ్యులేటరు చరిత్రలో కూడా ఒక అమరిక లోపం కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కొరత ఏర్పడినప్పుడు, మోటారు వాహనాలను వంట చెరకు నుండి వచ్చే వాయువు వంటివాటితో నడపడానికి ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు ఒక కవాటాన్ని రూపొందించాడు. నౌకాదళాధికారి జాక్ కూస్తో దానిని చూసి, నీటి అడుగున ఊపిరి పీల్చడానికి పనికివస్తుందని గ్రహించాడు. వారిద్దరూ కలిసి తయారుచేసిన పరికరాన్ని కూస్తో పారిస్ సమీపంలోని మార్న్ నదిలో పరీక్షించాడు. అడ్డంగా ఈదుతున్నప్పుడు అది చక్కగా పనిచేసింది. నిలువుగా ఉంటే గాలి వృథాగా ఎగజిమ్మింది. తల కిందికి చేస్తే ఊపిరి అందడమే కష్టమైంది. వదిలిన ఊపిరి బయటికి పోయే గొట్టం ఒక ఎత్తున, గాలి అందించే కవాటం మరొక ఎత్తున ఉండటం వల్ల రెండింటి మీదా నీటి పీడనం వేరువేరుగా పడుతున్నదని వారు కనుగొన్నారు. రెండింటినీ ఒకే చోట అమర్చగానే దోషం తొలగింది. 1943లో ఆ పరికరం సముద్రంలో విజయవంతమైంది. తయారుచేసినవానికి గదిలో కనిపించని లోపం ధరించినవానికి నదిలో కనిపించింది. ధరించినవానికి బోధపడని కారణాన్ని తయారుచేసినవాడు విప్పగలిగాడు.

నేటి పరికరాలు ఎంతో మెరుగుపడ్డాయి. అయినా వాటిని అమర్చే చేతులు మనిషివే. నేర్చుకునేవారు చేసే పొరపాట్లు కొన్ని నవ్వు పుట్టిస్తాయి. సిలిండరును వెనుక ముందులుగా బిగించి, కుడి భుజం మీదుగా రావలసిన గొట్టం ఎడమ వైపు నుండి వస్తున్నదేమని వెదుక్కునేవారు ఉంటారు. మాస్కు అంచు కింద జుట్టు చిక్కుకుపోతే నీరు లోపలికి కారుతూనే ఉంటుంది. మరికొన్ని పొరపాట్లు నవ్వదగినవి కావు. సిలిండరును జాకెట్టుకు బిగించే పట్టీ పొడిగా ఉన్నప్పుడు గట్టిగానే ఉంటుంది. తడిసిన తరువాత సాగి, సిలిండరు జారిపోవచ్చు. అందుకే కొందరు పట్టీని ముందుగా తడిపి బిగిస్తారు. సిలిండరుకు, రెగ్యులేటరుకు మధ్య ఉండే చిన్న రబ్బరు వలయం చిట్లితే గాలి బుసకొడుతూ పోతుంది. జాకెట్టులోకి గాలి నింపే గొట్టాన్ని తగిలించడం మరచిపోతే, పైకి తేలవలసిన సమయంలో మీట నొక్కినా ఫలితం ఉండదు. బరువుల నడికట్టు ఇతర పట్టీల కింద ఇరుక్కుంటే, ఆపదలో దానిని విప్పి పారవేయడం సాధ్యం కాదు.

వీటన్నింటికన్న మోసకరమైనది వాల్వు. దానిని తెరవడం పూర్తిగా మరచినా గొట్టంలో మిగిలిన గాలితో ఒకటి రెండు ఊపిరులు అందుతాయి. ఒడ్డున ఒక్కసారి పీల్చి చూసి, అంతా సవ్యంగా ఉందని భ్రమపడటానికి అది చాలు. వాల్వు కొద్దిగా మాత్రమే తెరుచుకొని ఉంటే ప్రమాదం ఇంకా నిగూఢమైనది: పైన ఊపిరి సాఫీగా అందుతుంది, లోతుకు పోయాక అవసరమైనంత గాలి ఆ సన్నని దారి గుండా రాదు. దీనిని పసిగట్టే ఉపాయం ఒకటున్నది. పీడన సూచికను చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు నిశ్చలంగా ఉంటే వాల్వు తెరిచినట్లు. పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంటే వాల్వు సరిగా తెరవలేదన్నమాట. అద్దం వైపు చూడకుండా పీల్చినవానికి ఈ రహస్యం తెలియదు.

ఇటువంటి పొరపాట్లు కొత్తవారే చేస్తారనుకోవడం అనుభవజ్ఞుల అమాయకత్వం. కొత్తవాడు భయం వల్ల ప్రతి పట్టీని రెండుసార్లు తడుముకుంటాడు. వందసార్లు దిగినవాని చేతులు అలవాటుగా కదులుతాయి; మనసు కబుర్లలోనో, పైన ఎదురుచూస్తున్న పనిలోనో ఉంటుంది. మధ్యలో ఎవరో పలకరిస్తే ఆగిపోయిన చోటును దాటి తరువాతి పనికి పోతాడు. పైగా అతనిని సరిదిద్దే సాహసం చుట్టూ ఉన్నవారికి కలగదు. అందువలననే డైవింగు శిక్షణలో జత పరీక్షను తప్పనిసరి ఆచారంగా నేర్పుతారు. నీటిలోకి దిగే ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, జాకెట్టు, బరువులు, కట్లు, గాలి ఒక వరుసలో ఒకరివి మరొకరు పరీక్షించి, చివరగా ఆపాదమస్తకం ఒకసారి పరికిస్తారు. ఇది అందరికీ వర్తించే నియమం కాబట్టి ఎవరినీ అనుమానించినట్లు కాదు. గురువు పరికరాన్ని శిష్యుడు కూడా పరీక్షిస్తాడు. ఈ ఆచారంలోని మర్యాద అదే.

అయినప్పటికీ సహాయాన్ని స్వీకరించడం చాలామందికి సులభం కాదు. నలుగురిలో తన తప్పును ఎత్తి చూపితే ముఖం చిన్నబోతుంది. "నాకు తెలుసులే" అన్న మాట నోటి నుండి ముందుగా వస్తుంది. చెయ్యి పట్టీ మీదికి తరువాత పోతుంది, ఒక్కొక్కసారి పోనే పోదు. కనుక చెప్పేవారికి కూడా ఒక పద్ధతి ఉన్నది. ఇతరుల పరికరాన్ని అడగకుండా ముట్టుకోరాదు. "బాబాయ్, మీ ఎడమ గొట్టం ఒకసారి చూసుకోండి" అని చెప్పి ఊరుకుంటే, ఆయనే తడిమి, తానే సరిచేసుకుంటాడు. తన చేతితో సరిచేసుకున్నది తనకు గుర్తుంటుంది. గౌరవమూ నిలుస్తుంది.

అడగకుండా ముట్టుకోరాదన్న నియమం మర్యాద కోసం మాత్రమే కాదు. పూర్వం వాల్వును పూర్తిగా తెరిచి, తరువాత పావు చుట్టు వెనక్కి తిప్పడం పలువురికి అలవాటుగా ఉండేది. డైవరు పడవ అంచున దిగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఒక శ్రేయోభిలాషి వెనుక నుండి వచ్చి, వాల్వు తెరిచి ఉందో లేదో చూద్దామని దానిని తిప్పుతాడు. దిక్కు పొరబడితే తెరిచిన వాల్వు పూర్తిగా మూతపడుతుంది. అలవాటు ప్రకారం పావు చుట్టు వెనక్కి తిప్పడంతో అది కొద్దిగా మాత్రమే తెరుచుకుంటుంది. ఇక ముందు చెప్పిన నిగూఢ ప్రమాదమే. సహాయం చేసినవాడు తృప్తిగా భుజం తట్టి వెళతాడు. అందువల్ల నేడు చాలామంది శిక్షకులు ఆ పావు చుట్టును మాని, వాల్వును పూర్తిగా తెరిచి వదలమని చెబుతున్నారు. ఇతరులు ఎవరైనా వాల్వును ముట్టుకుంటే, పీడన సూచికను చూస్తూ మరల ఊపిరి పీల్చి చూడాలి. సహాయాన్ని స్వీకరించడమంటే కళ్లు మూసుకొని అప్పగించుకోవడం కాదు.

వరద నదిలో దిగే డైవరుకు ఒడ్డుననే ఇంత జాగ్రత్త ఎందుకంటే, లోపల సరిదిద్దుకునే అవకాశం అతి తక్కువ. ఒండ్రుతో ఎర్రబారిన గోదావరి నీటిలో కొద్ది లోతుకే చూపు ఆగిపోతుంది. పట్టీ ఎక్కడున్నదో, పడవ అంచు ఎక్కడున్నదో చేతి స్పర్శయే చెప్పాలి. ఇటువంటి చోట్ల దిగేవారి నడుముకు సాధారణంగా ఒక తాడు కట్టి, దాని కొసను పైన ఒకరు పట్టుకుంటారు. ఎన్ని లాగుళ్లకు ఏమి అర్థమో ముందే ఒప్పందం చేసుకుంటారు. కింద ఉన్నవానికి కళ్లు లేవు. పైన ఉన్నవానికి తాడు తప్ప వేరే భాష లేదు.

డెల్టాలోని విద్యార్థుల్లో స్కూబా పరికరం ధరించేవారు కొద్దిమందే ఉండవచ్చును. కాని లంకలకు, పాపికొండలకు పడవ ఎక్కనివారు అరుదు. కచ్చులూరు ప్రమాదం నుండి బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్టు ధరించి ఉన్నవారేనని నాటి వార్తలు తెలిపాయి. ఆ జాకెట్టుకు కూడా జత పరీక్ష ఉన్నది. కట్లన్నీ బిగించుకున్న తరువాత, పక్కనున్నవారిని రెండు భుజాల వద్ద జాకెట్టును పట్టుకొని పైకి లాగి చూడమని అడగాలి. జాకెట్టు కదలకుంటే సరిపోయినట్లు. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది వదులుగా ఉన్నట్లు. నీటిలో పడినప్పుడు జాకెట్టు మాత్రమే తేలి, మనిషి అందులో నుండి జారిపోతాడు. ఈ పరీక్షను ఎవరికి వారు చేసుకోలేరు.