ఇల్లు చేరే చీమ

పాఠ్యభాగ సందర్భం: తేనెటీగలు, చెదలు, కందిరీగలు, చీమలు సంఘజీవులు. వీటి ప్రవర్తనను పరిశీలించడం నేడు జంతుశాస్త్రంలో ఒక ముఖ్యమైన శాఖ. ఈ శాఖలో పరిశోధకుడిగా నియమితుడైన వ్యక్తికి ప్రయోగశాల ఒక్కటే చాలదు. తాను ఎంచుకొన్న ప్రాణి ఏ దేశంలో నివసిస్తే ఆ దేశానికి వెళ్ళి, దాని నేల మీద, దాని ఎండలో పనిచేయవలసి ఉంటుంది. అటువంటి క్షేత్ర పరిశోధనలలో ఒకదానిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

*

బలవంతమైన సర్పం కూడా చలిచీమల చేత చిక్కి చచ్చిపోతుందని సుమతీ శతకకారుడు చెప్పిన పద్యాన్ని మనమందరం చిన్ననాడే వల్లెవేశాం. చీమ అనగానే మనకు ముందుగా తోచేది వాటి బారు. ఒకదాని వెనుక ఒకటిగా, గోడవారన గీత గీసినట్లు సాగిపోయే ఆ వరుసను చూసి పెద్దలు ఐకమత్యాన్ని, క్రమశిక్షణను బోధించారు. ముందు నడిచిన చీమ నేలపై విడిచిన వాసనను పట్టుకొని వెనుకటి చీమ నడుస్తుందనీ, ఆ వాసనే బారుకు ఆధారమనీ శాస్త్రజ్ఞులు వివరించారు. అయితే బారు తీరని చీమలు కూడా ఈ లోకంలో ఉన్నాయి. వాటి కథ వేరు.

ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా దేశంలో, స్ఫాక్స్ నగరానికి దక్షిణంగా సముద్రతీరాన మహారెస్ అనే చిన్న ఊరు ఉంది. ఆ పరిసరాలలో మన కోస్తా ప్రాంతంలో పర్ర అని పిలిచే నేలవంటి ఉప్పుభూములు విస్తారంగా పరచుకొని ఉంటాయి. చెట్టు లేదు, రాయి లేదు, కంటికి ఆనవాలుగా నిలిచే గుట్ట అయినా లేదు. అటువంటి చోట కాటాగ్లిఫిస్ ఫోర్టిస్ అనే పొడవు కాళ్ళ చీమ నేలలో గూడు కట్టుకొని జీవిస్తుంది. ఇతర ప్రాణులు నీడను వెదుక్కొనే మిట్టమధ్యాహ్నం ఇది ఆహారానికి బయలుదేరుతుంది. ఎండవేడికి తాళలేక చచ్చిపడిన పురుగులే దీని ఆహారం. అవి ఎక్కడ పడి ఉంటాయో ముందుగా తెలియదు. దొరికేది ఒక్క పురుగే కాబట్టి తోడు చీమలను పిలుచుకొని రావలసిన అవసరమూ లేదు. పైగా ఆ వేడినేలపై వాసన గీత నిలిచేది కాదు. అందువల్ల ఈ చీమ ఒంటరిగా వెళుతుంది, ఒంటరిగానే తిరిగి వస్తుంది.

తిరిగి రావడమే కష్టం. పరిశోధకులు నమోదు చేసిన ఒక చీమ ప్రయాణాన్ని చూడండి. అది గూటి నుండి బయలుదేరి వంకరటింకరగా దాదాపు 19 నిమిషాలు తిరిగి, సుమారు 592 మీటర్లు నడిచింది. ఆహారం దొరికిన మరుక్షణమే వెనుదిరిగి, వచ్చిన దారిని పట్టించుకోక, దాదాపు సరళరేఖలో 140 మీటర్లు పరుగెత్తి ఆరున్నర నిమిషాలలో గూడు చేరింది. ఆ గూటి ద్వారం చిన్న రంధ్రం మాత్రమే. దాని దేహప్రమాణాన్ని మన దేహప్రమాణంతో పోల్చి చూస్తే, ఇది మనిషి అనేక కిలోమీటర్లు తిరిగి తిరిగి, ఆనవాలు లేని మైదానం మధ్య నుండి తన ఇంటి గుమ్మానికి గురితప్పకుండా నడిచిరావడం వంటిది. దారి తప్పితే ఆ ఎండలో బ్రతకదు. సాలీళ్ళు, వేటాడే ఈగలు పొంచి ఉండనే ఉంటాయి. ఇదే కుటుంబానికి చెందిన కాటాగ్లిఫిస్ బైకలర్ అనే చీమ బయటి పనికి పూనుకొన్న తరువాత సగటున ఆరు రోజులే జీవిస్తుందని లెక్కించారు. అందుకే గూటిలో ఇంటిపనులు చేసి వయస్సు మళ్ళిన చీమలే బయటికి వెళతాయి. ఆ కొద్దిరోజులలో అవి తమ శరీరపు బరువుకు ఎన్నో రెట్లు ఆహారాన్ని గూటికి చేరుస్తాయి. ముసలిప్రాణాలను ఒడ్డి పిల్లలను పోషించే ఈ ఏర్పాటును త్యాగమని అనాలనిపిస్తుంది గాని, ఆ మాట మనది, చీమది కాదు.

ఈ చీమకు దారి చూపుతున్నది ఏది? ఈ ప్రశ్నకు మొదటి సమాధానం ట్యునీషియాలోనే ఒక వైద్యుని వల్ల లభించింది. ఆయన పేరు ఫెలిక్స్ సాంట్షి. స్విట్జర్లాండ్‌లో 1872లో జన్మించి, 1901లో కైరువాన్ నగరానికి వచ్చి అక్కడ వైద్యవృత్తి సాగించాడు. విశ్వవిద్యాలయంలో పదవి లేదు, ప్రయోగశాల లేదు. రోగులను చూడగా మిగిలిన కాలాన్ని చీమలకు ఇచ్చాడు. ఆయన చేసిన ప్రయోగం పసిపిల్లలకు కూడా అర్థమయ్యేంత సరళమైనది. గూటికి మళ్ళిన చీమకు సూర్యుడు కనబడకుండా ఒక తెరను అడ్డుపెట్టి, ఎదుటివైపు నుండి అద్దంతో సూర్యబింబాన్ని చూపించాడు. చీమ వెంటనే వెనుకకు తిరిగి వ్యతిరేక దిశలో నడిచింది! 1911లో ఆయన ఈ విషయాన్ని ప్రకటించాడు. 1923 నాటికి మరొక అడుగు ముందుకు వేసి, సూర్యుడు కనబడకపోయినా, ఆకాశంలో చిన్న ముక్క మాత్రమే కనబడినా చీమ దిక్కు తప్పడం లేదని చూపాడు. ఆకాశంలోని వెలుగులోనే ఏదో సంకేతం ఉందన్నమాట. అది ఏమిటో ఆయనకు తెలియలేదు. ఆయన మాటను పట్టించుకొన్నవారూ తక్కువే. 1940లో ఆయన మరణించాడు.

1949లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగలపై ప్రయోగాలు చేసి ఆ రహస్యాన్ని వెల్లడించాడు. సూర్యకాంతి గాలిలో చెదరినప్పుడు దాని కంపనాలు కొంతవరకు ఒకే తలానికి పరిమితమవుతాయి. దీనినే ధ్రువిత కాంతి అంటారు. ఆకాశంలో ఒక్కొక్క చోట ఆ కంపనదిశ ఒక్కొక్క విధంగా ఉండి, సూర్యుని చుట్టూ ఒక అల్లికను ఏర్పరుస్తుంది. సాధారణంగా మన కన్ను దానిని గుర్తించలేదు. తేనెటీగ కన్ను గుర్తిస్తుంది. చీమ కన్నూ గుర్తిస్తుంది. ఫ్రిష్‌కు 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. కైరువాన్ వైద్యుని పేరు చాలాకాలం పాత పత్రికల పుటలలోనే ఉండిపోయింది. ఆ పేరును మళ్ళీ వెలుగులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు రూడిగర్ వేనర్.

జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన వేనర్ 1969లో మహారెస్ ప్రాంతంలో పరిశోధన ప్రారంభించి, దశాబ్దాల పాటు వేసవి వెంట వేసవి అక్కడికి వెళ్ళాడు. ఆయన వెంట పరిశోధక విద్యార్థులు, సహాయకులు వెళ్ళేవారు. పేరుకు అది విదేశీ ఉద్యోగమే గాని, చేసే పని చూస్తే కూలిపనికి తక్కువ కాదు. చీమను పట్టి, దాని వీపుపై రంగుచుక్క పెట్టి గుర్తించాలి. ఎడారి నేలపై తెల్లని గీతలతో గళ్ళు గీయాలి. చీమ పరుగెత్తుతుంటే దాని వెంట నడుస్తూ, అది ఏ గడిలో ఎటు తిరిగిందో చేతిలోని గళ్ళకాగితంపై ఎక్కించాలి. కొన్ని ప్రయోగాలలో చక్రాల బండి నొకదానిని చీమకు పైగా, దాని వేగానికి సరిగ్గా తోసుకొనిపోవాలి. ఆ బండి గాలిని, చుట్టూ ఉన్న దృశ్యాన్ని మరుగుపరచి, పైనున్న గాజుపలకల గుండా ఆకాశంలో కోరిన భాగాన్ని మాత్రమే చీమకు చూపుతుంది. సాంట్షి చేతి అద్దం ఇలా బండిగా ఎదిగింది. చీమ సంయుక్త నేత్రంలో సుమారు వెయ్యి చిన్న కన్నులు ఉండగా, పై అంచున ఉన్న దాదాపు 80 మాత్రమే ధ్రువిత కాంతిని గ్రహిస్తాయని ఈ కృషివల్ల తేలింది.

దిక్కు తెలిసినంత మాత్రాన ఇల్లు చేరలేరు. ఎంత దూరం నడవాలో కూడా తెలియాలి. తూర్పుగా 100 మీటర్లు, ఉత్తరంగా 100 మీటర్లు నడిచినవానికి ఇల్లు నైరుతి దిశలో 141 మీటర్ల దూరాన ఉంటుంది. మనం కాగితంపై చేసే ఈ లెక్కను చీమ నడుస్తూనే, మలుపు మలుపుకూ సరిచేసుకొంటూ ఉంటుంది. ఋజువు కావాలంటే, ఆహారం అందుకొన్న చీమను పట్టి మరొక మైదానంలో విడిచిపెడితే చాలు. అది పాత దిశలోనే, పాత దూరమే పరుగెత్తి, గూడు ఉండవలసిన చోట ఆగి వెదకడం మొదలుపెడుతుంది. ఆ వెదుకులాట కూడా గుడ్డిది కాదు. ఆగిన చోటును కేంద్రంగా చేసుకొని, అంతకంతకూ పెద్దవైన చుట్లు తిరుగుతూ, మళ్ళీ మళ్ళీ కేంద్రానికి వస్తుంది. 1981లో ఈ చుట్ల తీరును వేనర్‌తో కలిసి వివరించినవాడు బెంగళూరులో చదువుకొన్న మన దేశీయుడు మండ్యం శ్రీనివాసన్.

దూరాన్ని చీమ ఎలా కొలుస్తుంది? 2006లో మత్తియాస్ విట్లింగర్, హెరాల్డ్ వోల్ఫ్, వేనర్ ప్రకటించిన ప్రయోగం దీనికి బదులు చెప్పింది. గూటి నుండి 10 మీటర్ల దూరంలో ఆహారం ఉంచి చీమలను అక్కడికి రప్పించారు. అక్కడ కొన్ని చీమల కాళ్ళకు పంది వెంట్రుకలను అతికించి కొయ్యకాళ్ళ వలె పొడవు చేశారు. మరికొన్నింటి కాళ్ళను కొంత కత్తిరించి పొట్టి చేశారు. తరువాత వాటిని ఇంటికి వదిలారు. పొడవు కాళ్ళ చీమలు గూడు దాటిపోయి దాదాపు 15 మీటర్ల వద్ద వెదికాయి. పొట్టి కాళ్ళవి 6 మీటర్లయినా నడవకుండానే ఆగి వెదికాయి. వెళ్ళేటప్పుడు ఎన్ని అడుగులు వేశాయో వచ్చేటప్పుడూ అన్నే వేశాయి. అడుగు పొడవు మారిందని వాటికి తెలియదు. మరునాటి నుండి అవే కాళ్ళతో వెళ్ళి అవే కాళ్ళతో వచ్చినప్పుడు తప్పు జరగలేదు. పాదం, పాదం మోపే చర్య, పన్నెండు అంగుళాల కొలత, ఈ మూడింటికీ తెలుగులో అడుగు అనే ఒకే మాట ఉండడం నాకు ఈ ప్రయోగం చదివినప్పుడు గుర్తుకు వచ్చింది. కాళ్ళు కత్తిరించడం నాకు మింగుడుపడని సంగతి. జ్ఞానం కోసం ఎంతవరకు బాధించవచ్చుననేది విద్యార్థులు తరగతిలో చర్చించదగిన విషయం.

నడవని చీమ మాటేమిటి? కాటాగ్లిఫిస్ బైకలర్ జాతిలో ఒక కుటుంబానికి పలు గూళ్ళు ఉంటాయి. అనుభవం గల చీమ దారి తెలియని చీమను నోటకరచుకొని ఒక గూటి నుండి మరొక గూటికి మోసుకొనిపోతుంది. నడుమ ఆ మోతచీమను తొలగిస్తే, ఒక్క అడుగైనా వేయని రెండవ చీమ కూడా బయలుదేరిన గూటి వైపు మళ్ళి తగినంత దూరం నడిచింది. మోయబడుతున్నప్పుడు దాని కంటి క్రింది సగాన్ని కప్పినట్లయితే మాత్రం దూరం తెలియలేదు. కన్నుల క్రింద వెనుకకు జారిపోయే నేలను చూసి అది దూరం గ్రహించిందని 2016లో ఫెఫర్, విట్లింగర్ నిరూపించారు. రైలు కిటికీ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఊరు ఎంత దూరం వచ్చిందో అంచనా వేసినట్లే ఉంది.

ఇంత చేసినా లెక్కలో తప్పు దొర్లుతుంది. నడక పెరిగినకొద్దీ తప్పూ పెరుగుతుంది. ఉప్పుపర్ర నడుమ ఉన్న గూళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జర్మనీలోని జేనా నగరపు మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2023లో ఒక విచిత్రాన్ని ప్రకటించారు. పర్ర అంచున, పొదల దగ్గర ఉన్న గూళ్ళపై మట్టిదిబ్బ తక్కువగా ఉండగా, నడుమనున్న గూళ్ళపై ఎత్తయిన దిబ్బలు కనిపించాయి. ఆ దిబ్బలను తొలగించి చూస్తే, తిరిగి వచ్చే చీమలు ఎక్కువ సంఖ్యలో దారి తప్పాయి. లోపలి చీమలు వెంటనే మళ్ళీ దిబ్బ కట్టసాగాయి. పక్కన నల్లని స్తంభాలను ఆనవాలుగా నిలిపితే మాత్రం కట్టే ప్రయత్నం తగ్గింది. దిబ్బ కట్టేవి గూడు విడిచి దూరం వెళ్ళని చిన్న వయస్సు చీమలు. దారి తప్పేవి బయటి చీమలు. ఇంటి ముందు దీపం పెట్టవలసిన అవసరం లోపలివారికి ఎలా తెలిసింది? బయటివారి నుండి లోపలివారికి ఆ కబురు ఏ రూపంలో అందిందో ఇంకా వెదుకుతున్నారు.

ప్రశ్నలు

1. కాటాగ్లిఫిస్ చీమలు బారులు తీరకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. సాంట్షి అద్దపు ప్రయోగాన్ని మీ సొంతమాటలలో రాయండి.
3. పొడవు కాళ్ళ చీమలు మరునాడు గూటిని సరిగా చేరడానికి కారణమేమి?
4. మీ ఇంటి ఆవరణలోని ఒక చీమను పావుగంట పాటు గమనించి, దాని నడకను గళ్ళకాగితంపై గీయండి.