స్వేచ్ఛ యను మాట

పదవ తరగతి వ్యాసపుస్తకములను దిద్దుచుండగా ఒక్క పుటలోనే 'స్వేచ్ఛ' యను మాట 11 మారులు మాకు గనబడినది. ఆ వారమే జరిగిన తలిదండ్రుల సమావేశమున 'విచ్చలవిడి' యను మాటను అంతకంటె నెక్కువ మారులు వింటిమి. ఈ రెండును మొదట నొకే యర్థము గల మాటలని మేము చెప్పగా నచ్చట నెవరును నమ్మరైరి.

స్వ, ఇచ్ఛ యనునవి గుణసంధిచే గలిసి స్వేచ్ఛ యైనవి; తన కోరిక యని యర్థము. విచ్చలవిడి యను తెనుగుమాటకును బూర్వకావ్యములందు యథేచ్ఛగా నను నర్థమే కలదు. నేడో, అది వినినంతనే చెడునడవడి తోచును. స్వైరశబ్దము మఱియు విచిత్రము. స్వ, ఈర యనునవి కలియునప్పుడు గుణము రావలసినచోట వృద్ధి వచ్చును. వ్యాకరణము దీనికి బ్రత్యేకవిధి చెప్పినది. స్వైరవిహార మని పక్షినిగూర్చి చెప్పిన నందము. స్వైరిణి యని స్త్రీని బిలిచిన దిట్టు. బాలికలు నిఘంటువు జూడకయే దీని నెరుగుదురు.

మేమా పుస్తకములను దిరిగి యిచ్చి, 'స్వేచ్ఛ' యను మాటను వాడక యా వ్యాసమునే మరల వ్రాయుడంటిమి. కొందరికి నాలుగు పంక్తులైనను సాగలేదు. ఒక బాలుడు "లెక్కలలో తప్పితినని దెబ్బల భయము లేక మా నాయనగారితో జెప్పగలుగుట" యని వ్రాసెను. ఒక బాలిక "శనివారము సాయంకాలము తమ్ముని తోడు లేకుండ గ్రంథాలయమునకు బోవుట" యని వ్రాసినది. ఇంతకు మించి యామె యేమియు గోరలేదు!

తలిదండ్రులనుగూడ 'విచ్చలవిడి' యనక చెప్పుడని వేడితిమి. "చీకటి పడినను బిడ్డ యెక్కడ నున్నదో తెలియకుండుట" యని యొక తల్లి చెప్పినది. ఆమె కంఠమున గోపము లేదు, భయమే యున్నది. వేదపాఠమున మనము చదువు తప్పిపోయిన కుమారుని కథలో (లూకా 15వ అధ్యాయము) చిన్నవాడు పాలడిగినప్పుడు తండ్రి యొక్క నిందావాక్యమైన బలికినట్లు లేదు. తరువాత నిందించినవాడు అన్న.

శాసనములకు మాత్రము మాటలు చాలవు, అంకెలు కావలెను. 1988 నాటి 61వ రాజ్యాంగసవరణము వోటుహక్కు వయస్సును 21 నుండి 18కి దించినది. అయినను వివేకము పుట్టినదినమున నొక్కసారిగ వచ్చునది కాదు గదా! బాలల హక్కులనుగూర్చిన 1989 నాటి యైక్యరాజ్యసమితి యొడంబడికలో మన దేశము 1992లో జేరినది. దాని 12వ అధికరణము ప్రకారము, తనకు సంబంధించిన విషయములలో బిడ్డ చెప్పునది వినవలెను. వయస్సును బట్టియు, బుద్ధిపరిపాకమును బట్టియు దానికి విలువ నీయవలెను. అడిగినదెల్ల నిమ్మని యందు లేదు, వినుమని యున్నది.

ఆ బాలిక యనుమతితో నామె వ్యాసమును దండ్రిగారికి జూపితిమి. ఆయన రెండు మారులు చదివి, పుస్తకము మూసి, "గ్రంథాలయ మెన్ని గంటలకు మూయుదురండీ?" యని యడిగిరి.