బుడ్డల చేలో కంది సాలు

జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి,
రోహిణి కార్తె.

ఒరేయ్ బుడ్డోడా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఏడవలేదు గానీ ఏడ్చినంత పని చేసింది. బెంగళూరు ఉద్యోగం మానుకొని తుగ్గలికి వచ్చి కూర్చున్నావంట. దానికి నేను కోప్పడను. నేల మీద మనసు పడటం తప్పేం కాదు. కానీ నాలుగెకరాలకు నాలుగెకరాలూ ఒక్క బుడ్డలే వేస్తానని, కంది సాళ్లుంటే ట్రాక్టరుకు అడ్డమని అన్నావంట చూడు, దానికి నాకు కోపమొచ్చింది. మళ్లీ మూడు దినాలకే ఏదో వీడియో చూసి, తొమ్మిది రకాల గింజలు కలిపి చల్లేస్తానన్నావంట. ఒక దినం ఏదీ వద్దు, ఇంకో దినం అన్నీ కావాల్నా? సరేలే, కొత్తగా దిగినోడివి. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. నింపాదిగా చదువు.

ఇక్కడ అందరం బాగున్నాం. మా నల్లరేగడి దున్ని ఎండబెట్టినాం. మాకింకా తొందర లేదు, చిత్త కార్తె దాకా టైముంది. మేమేసేది బుడ్డశనగ. నీకు బుడ్డలంటే వేరుశనగ, మా దిక్కు బుడ్డశనగంటే పప్పుశనగ. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్త బుడ్డశనగ తెమ్మంటే వేరుశనక్కాయలు చేటనిండా తెచ్చి ముందర పెట్టినా. ఆ తిట్లు ఇంకా గుర్తున్నాయి. రెండు జిల్లాల మధ్యనే మాట ఇంత మారితే సేద్యం మారదా? అందుకే రేగడి బుద్ధులు నీకు ఎక్కువ చెప్పను. నీది ఎర్రనేల. నేను పుట్టి పెరిగిన నేల. దాని గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను.

నాకు పదేళ్లప్పుడు మా నాయన, అంటే మీ తాత, గొర్రు తోలేవాడు. మా అమ్మ జడ్డిగంలో బుడ్డల విత్తు పోస్తా నడిచేది. గొర్రు వెనకాల తాడుతో కట్టిన వెదురు గొట్టం ఒకటుండేది, కంది కోసం. అది నా చేతిలో. "పిడికిలి బిగించొద్దు, వదిలెయ్యొద్దు, బొటనవేలితో ఒక్కో గింజ తొయ్యి" అని నేర్పినాడు. ఒక పొద్దున దోవలో సినిమా బండి మైకు పెట్టుకొని పోతాంది. నేను అటే చూస్తా నడిచినా. బొటనవేలు ఆగిపోయింది. ఆ దినం ఎవరికీ తెలియలేదు. బుడ్డలు పీకేసి, చేలో కంది ఒక్కటే నిలబడినాక బయటపడింది. నిండుగా ఉన్న సాలు నడుమ ముప్పై అడుగుల బోడి సందు! "మా పాప సినిమా చూసింది ఇక్కడే" అని మీ తాత సంక్రాంతి దాకా వచ్చినోళ్లకల్లా చూపించినాడు. సేద్యంలో తప్పు అప్పుడే కనపడదురా. ఐదు నెలలకు లేచి నిలబడుతుంది.

ఆ బుడ్డలకూ కందికీ ఎందుకు పొసగుతుందో తెలుసుకో. బుడ్డల వేరు పైపైన తింటుంది, కంది వేరు లోతుకు దిగుతుంది. బుడ్డలు నాలుగు నెలల్లో ఇంటికొస్తాయి. కంది మొదటి రెండు నెలలూ ఎదగాల్నా వద్దా అన్నట్టు ఉంటుంది. పక్కన బుడ్డలు పీకేసినాక, ఆ జాగా అంతా నాదేనని అప్పుడు విచ్చుకుంటుంది. ఇద్దరు తోడికోడళ్లు ఒకే పొయ్యి దగ్గర వేర్వేరు పొద్దుల్లో వంట చేసుకున్నట్టు. రాలిన ఆకు నేలకు, పొట్టు ఎద్దులకు, కట్టె పొయ్యికి, కందిబేడలు మనకు.

ఇంకొకటి కూడా ఉంది. మన ఎర్రనేలలో భాస్వరం ఇనుముతో ముడిపడి, చాలా పంటలకు అందకుండా ఉంటుంది. కంది వేరు ఒక ఆమ్లాన్ని వదిలి ఆ ముడి విప్పుకుంటుందని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1990లో తేల్చినారు. మీ తాతకు ఆ ఆమ్లం పేరు తెలియదు. కంది నిలిచిన సాలులో మరుసటేడు పైరు నల్లగా వస్తుందని మాత్రం తెలుసు.

ఇప్పుడు చెప్పేది నవ్వే సంగతి కాదు. నీ నాలుగెకరాల్లో మూడు, పెళ్లప్పుడు మా నాయన నా పేర రాసినవి. 2000లో వాటి సేద్యం నేనే చేయించినా. నీకప్పటికి నడకే రాలేదు. ముందటేడు బుడ్డలకు మంచి ధర పలికింది. నాకు ఆశ పుట్టింది. చేను చుట్టూ వేసే సజ్జ పిట్టల పాలే కదా అని తీసేయించినా. కంది సాళ్లూ తీసేయించినా. మీ పెదనాయన "ఇంటికి బేడలొద్దా?" అన్నాడు. "డబ్బులొస్తే బేడలు కొనుక్కోలేమా?" అన్నా. ఎంత పొగరు చూడు.

ఆ ఖరీఫ్‌లోనే కాండం కుళ్లు తెగులొచ్చింది. మొదట లేతాకు మీద మచ్చ, తర్వాత మొవ్వు మాడిపోవడం, పది దినాల్లో చెట్టే చచ్చిపోవడం. ఒక్క అనంతపురం జిల్లాలోనే 2.25 లక్షల హెక్టార్ల దాకా దెబ్బ తినింది. మన చేను ఆ జిల్లా పక్కనే, తప్పించుకోలేదు. అది వైరస్ అని తర్వాత తేలింది. గట్ల మీద వయ్యారిభామ ఉంది చూడు, ఆ వైరస్ దానిలో చప్పుడు లేకుండా దాక్కుంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికంటుకొని, గాలికి చేలోకి వస్తుంది. అందుకే వయ్యారిభామ పూతకు రాకముందే పీకమని, చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో దట్టంగా వేయమని శాస్త్రవేత్తలు చెప్పినారు. ఆ సజ్జ గాలిలో వచ్చే పురుగును చాలావరకు ఆపుతుంది. నేను పిట్టల పాలనుకొని తీసేసింది ఆ గోడనే. సజ్జ ఉంటే తెగులే వచ్చేది కాదని చెప్పను. కానీ కంది సాళ్లుంటే ఇంట్లో బేడలైనా మిగిలేవి. ఆ ఏడు సంగటిలోకి పప్పు కొనుక్కు తిన్నాం, అదీ అప్పు పెట్టి.

మరుసటేడు బుద్ధొచ్చిందనుకున్నా. వచ్చింది బుద్ధి కాదు, భయం. మూడు సాళ్లకొక కంది వేయించినా. నీడ ముసురుకొని బుడ్డలకు ఊడలు సరిగా దిగలేదు. గుంటక తోలడానికి సందు లేదు. ఒకేడు ఆశకు చెడితే ఇంకో ఏడు భయానికి చెడినా. తోడు పంటకు కొలత ఉందిరా. నువ్వు నా మాదిరి రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

కొలత చెబుతా, రాసుకో. ఏడు సాళ్లు బుడ్డలకు ఒక సాలు కంది. వెడల్పు కావాలంటే పదకొండుకు ఒకటి. ఎకరాకు కంది విత్తు రెండు కిలోలు మించొద్దు. ట్రాక్టరుకు అడ్డమన్నావు కదా, ఎనిమిది గొట్టాల గొర్రు మాట్లాడుకో. ఒక గొట్టంలో బుడ్డలు పడకుండా మూసి, దాంట్లో కంది పోయించు. కొస గొట్టం మాత్రం వద్దు. తిరిగొచ్చేటప్పుడు రెండు కంది సాళ్లు పక్కపక్కనే పడతాయి. నడిమి గొట్టం చూసుకో. ఇప్పుడు చెప్పు, అడ్డమేముంది?

తెల్లగరప ఉన్న ఆ పైయెకరం బుడ్డలకు ఇవ్వద్దు. అక్కడ కొర్ర వెయ్యి, ఐదు సాళ్లకొక కంది. నంద్యాల పరిశోధనా స్థానం వాళ్ల సూర్యనంది దొరికితే మంచిది. కొర్ర మూడు నెలల్లోపే ఇంటికొస్తుంది.

బుడ్డల్లో అక్కడక్కడ ఆముదం గింజ గుచ్చు. లద్దెపురుగు తల్లికి ఆముదపాకంటే మహా ఇష్టం, వెతుక్కొని వచ్చి గుడ్లు పెడుతుంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే పోయి ఆకు తిప్పి చూడు. అడుగున గోధుమరంగు నూగు కప్పుకొని, అతికించినట్టు గుడ్ల కుప్ప ఉంటుంది. అప్పటికే పిల్లలైతే ఆకు జల్లెడలా తెల్లగా కనపడుతుంది. ఆ ఆకు తుంచి పాతిపెట్టు. తిప్పి చూసే ఓపిక లేకపోతే ఆముదం వేయనే వద్దు. పురుగును పిలిచి అన్నం పెట్టి పంపినట్టవుతుంది.

నవధాన్యాల సంగతి. అది చెడ్డదనను. 2016 నుంచి రైతు సాధికార సంస్థ వాళ్లు ప్రకృతి సేద్యం నేర్పిస్తున్నారు, మా ఊర్లోనూ కొందరు చేస్తున్నారు. కానీ అది వానలకు ముందు నేలను కప్పి ఉంచడానికి చల్లేది. పశువులకు మేపో, నేలలో కలిపో, ఆపైన అసలు పంట వేసుకోవాల. బుడ్డల మీద అన్నీ కలిపి చల్లేది కాదు. వీడియో సగమే చూసినట్టున్నావు. వచ్చేడు వేసవిలో ఒక ఎకరంలో చేసి చూడు, నేనే వచ్చి చూస్తా.

తొలకరి పడగానే మీ దిక్కు వజ్రాల కోసం జనం వస్తారు. చేలల్లో వంగి నడుస్తా ఉంటారు. మొలకలు తొక్కుతున్నారని కొట్లాటకు పోవద్దు, మెల్లగా చెప్పు. నువ్వు మాత్రం వాళ్ల వెంట పడితే చెవి మెలేస్తా.

పక్కింటి పిల్లోడి చేత మూట పంపిస్తున్నా. నా పాత చీరముక్కలో ఎనిమిది కిలోల కంది విత్తు ఉంది, బూడిద పట్టించినా. చిన్న పొట్లంలో ఆముదాలు, ఇంకోదాంట్లో పిడికెడు అలసందలు. అలసందలు గట్టెంబడి వెయ్యి, మీ అమ్మకు వడలంటే ఇష్టం. పదును చూసుకోకుండా తొందరపడి విత్తొద్దు.

బుడ్డలు పీకినాక కంది సాళ్ల ఫోటో తీసి పంపు. సందులుంటే ఉన్నట్టే తీయి. నేను నవ్వను. మీ తాత ఉంటే నవ్వేవాడు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ