లారీ పొగగొట్టం: బోల్టా? వెల్డింగా?

లారీ తిరిగితేనే కొన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. లారీ షెడ్డులో ఉంటే కిరాయి రాదు. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుకే రిపేరు సంగతి ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి.

ఇంజనులో డీజిలు మండుతుంది. పొగ వస్తుంది. ఆ పొగ గొట్టం గుండా సైలెన్సరులోకి పోతుంది. సైలెన్సరు మోత తగ్గిస్తుంది. తరువాత పొగ బయటికి పోతుంది. వానకు, బురదకు ఈ గొట్టం తుప్పు పడుతుంది. గతుకుల రోడ్డు మీద అదిరి అదిరి పగులుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్లు చాలా ఉన్నాయి. ఒక షెడ్డుకు భార్యాభర్తలు పాత లారీ తెచ్చారు. లారీ అప్పు ఆమె పేరున ఉంది.

మేస్త్రీ బండి కిందికి దూరి చూశాడు. “గొట్టం పుచ్చిపోయిందమ్మా. సైలెన్సరూ పోయింది. కొత్తవి వెయ్యాలి. బోల్టులు పెట్టమంటారా, వెల్డింగు చెయ్యమంటారా?” అని అడిగాడు.

“మొత్తం వెల్డింగు చేసెయ్యి. మళ్లీ ఊడదు” అన్నాడు భర్త.

“ఆగండి” అంది ఆమె. “మేస్త్రీ గారూ, రేపు మళ్లీ సైలెన్సరు పోతే ఎలా తీస్తారు?”

“కొయ్యాలమ్మా.”

“అంటే వెల్డింగు బిందెకు మాటు వేసినట్టు. బోల్టు టిఫిను క్యారియరు కొక్కెం లాంటిది. అంతేనా?”

“సరిగ్గా అంతే” అన్నాడు మేస్త్రీ.

బోల్టు పద్ధతి

రెండు గొట్టాల చివర అంచులు ఉంటాయి. వాటి మధ్య ప్యాకింగు పెడతారు. బోల్టులతో బిగిస్తారు. పాడైన ముక్క ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. ఇది లాభం. కాని అదురుకు బోల్టులు వదులవుతాయి. ప్యాకింగు కాలిపోతే పొగ కారుతుంది. బిగించాక బండి కొంత తిరగాలి. చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాలి. విప్పిన ప్రతిసారీ కొత్త ప్యాకింగు వెయ్యాలి.

వెల్డింగు పద్ధతి

రెండు ముక్కలు కరిగి ఒకటవుతాయి. వదులు కావు. ప్యాకింగు ఖర్చు లేదు. కాని మార్చాలంటే కొయ్యాలి. తుప్పు తిన్న పలచని గొట్టానికి వెల్డింగు నిలవదు. పక్కనే మళ్లీ పగులుతుంది.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించాలి. నిప్పురవ్వలు డీజిలు ట్యాంకు మీద పడకూడదు. ఆ వెలుగును వట్టి కళ్లతో చూడకూడదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఏది ఎక్కడ?

మళ్లీ విప్పే చోట బోల్టు. విప్పే పని లేని చోట వెల్డింగు. సైలెన్సరుకు రెండు పక్కలా బోల్టులు మేలు. మధ్యలో తిన్నని గొట్టానికి వెల్డింగు మేలు.

ఇంజను అదురు వేరు, బండి అదురు వేరు. అందుకని చాలా బండ్లలో ఇంజను దగ్గర వంగే గొట్టం పెడతారు. దాన్ని తీసి గట్టి గొట్టం అతికించకూడదు. అతికిస్తే తొందరగా పగులుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త లారీలు బి.ఎస్. 6 రకం. వాటిలో పొగను శుభ్రం చేసే పెట్టె, సెన్సార్లు ఉంటాయి. వాటిని కొయ్యకూడదు, తీసెయ్యకూడదు. ఆ పని తెలిసిన చోటే చేయించాలి.

పొగ విషం

పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. గొట్టం కారితే అది క్యాబినులోకి రావచ్చు. తల నొస్తుంది. తల తిరుగుతుంది. మగత కమ్ముతుంది. ప్రాణమే పోవచ్చు. అలా అనిపిస్తే వెంటనే బండి ఆపి, కిందికి దిగి గాలికి రావాలి. ఇంజను నడుస్తుండగా క్యాబినులో నిద్రపోకూడదు.

అతుకు దగ్గర నల్లటి మసి ఉంటే పొగ కారుతున్నట్టే. “టప్ టప్” మని చప్పుడు వచ్చినా అనుమానించాలి.

చట్టం ఏమంటుంది?

“సైలెన్సరు తీసేస్తే బండి బాగా లాగుతుంది” అని కొందరు చెబుతారు. ఆ మాట నమ్మి తీయించకండి. మోత, పొగ హద్దు మీరితే మోటారు వాహనాల చట్టం కింద శిక్ష ఉంది. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. మొదటిసారి తప్పుకు 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఆమె సైలెన్సరుకు బోల్టులు పెట్టించింది. మధ్య గొట్టానికి వెల్డింగు చేయించింది. బిల్లు తానే చదివింది. “ప్యాకింగులు 2” అని ఉంది. రెండూ వేశారో లేదో చూసి డబ్బు ఇచ్చింది.

చదవండి, రాయండి

ప్యాకింగు, సైలెన్సరు, వెల్డింగు, బ్యాటరీ

జవాబులు చెప్పండి

1. సైలెన్సరు పని ఏమిటి?
2. బోల్టులు ఎందుకు వదులవుతాయి?
3. వెల్డింగుకు ముందు ఏం విప్పాలి?
4. విషవాయువును వాసనతో ఎందుకు గుర్తుపట్టలేం?

ఖాళీ నింపండి

మళ్లీ విప్పే చోట ______ . విప్పే పని లేని చోట ______ .